మా రోజుల్లో పేజీ సర్వర్లోనే తయారయ్యేది

ఒక హాల్ టికెట్ నంబరు, పక్కన ఆరు సబ్జెక్టుల మార్కులు, కింద ‘పాస్’ అనే ముక్క. పరీక్షా ఫలితం అంటే ఇంతే కదా? ఈ కాస్త తెర మీదికి రావడానికి ఇవాళ్టి వెబ్‌సైటు నా ఫోనులోకి దించే సరుకు చూస్తే కడుపు మండిపోతుంది. ముందు ఓ చక్రం తిరుగుతుంది. తర్వాత మార్కులు రావాల్సిన చోట బూడిదరంగు పట్టీలు మెరుస్తూ ఊరిస్తాయి. ఈలోగా కుకీలకి ఒప్పుకుంటారా అంటుంది, నోటిఫికేషన్లు పంపమంటారా అంటుంది, మా యాప్ దించుకోండి అంటుంది. మార్కులు మాత్రం రావు. మా రోజుల్లో అదే పని చేసే స్క్రిప్టు ఒక్క ఏ-ఫోర్ కాగితం మీద ప్రింటయ్యేది. అడుగున సంతకానికి చోటు కూడా మిగిలేది.

ముసలాళ్లందరూ ఇంతే, మా కాలంలో మామిడిపళ్లు తియ్యగా ఉండేవంటారు అనుకుంటే అనుకోండి. మామిడిపళ్ల సంగతి నేను వాదించను. వెబ్ పేజీ ఎక్కడ తయారవుతుంది, ఎవరి కరెంటుతో తయారవుతుంది అన్న సంగతి మాత్రం వాదిస్తాను. పాతికేళ్లు ఆ పనే చేశాను మరి.

మొదట్లో వెబ్ సర్వర్ చాలా సాదాసీదా వస్తువు. ఫలానా ఫైలు కావాలని బ్రౌజరు అడిగితే డిస్కులోంచి తీసి ఇచ్చేది. అడిగింది ఎవరైనా, ఎప్పుడడిగినా అదే ఫైలు. అడిగినవాళ్లని బట్టి పేజీ మారాలంటే ఎలా? అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఉన్న ఎన్‌సీఎస్‌ఏ వాళ్లు 1993లో దీనికి సీజీఐ అని ఒక పద్ధతి పెట్టారు. దానికి ఆర్‌ఎఫ్‌సీ కాగితం 2004లో గానీ రాలేదు. అప్పటికే జనం దాన్ని తనివితీరా వాడేసి, చాలామంది పక్కన పడేశారు కూడా.

ఆ పద్ధతి ఎంత చిన్నదంటే మొత్తం ఇక్కడే చెప్పేయగలను. సీజీఐ-బిన్ అనే ఫోల్డర్లో ఉన్న ఫైలుని అడిగితే సర్వర్ దాన్ని చదివి ఇవ్వదు, నడిపిస్తుంది. అడ్రసులో ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా క్వెరీ స్ట్రింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో పెట్టి ప్రోగ్రాము చేతికిస్తుంది. ఫారం నింపి పోస్ట్ పద్ధతిలో పంపితే ఆ సరుకు స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో వస్తుంది, ఎన్ని బైట్లో ఇంకో వేరియబుల్ చెబుతుంది. ప్రోగ్రాము ఏది ప్రింట్ చేస్తే అది బ్రౌజర్‌కి పోతుంది. ముందు కంటెంట్-టైప్ అని ఒక లైను, తర్వాత ఒక ఖాళీ లైను, తర్వాత పేజీ. ప్రోగ్రాము అక్కడితో చచ్చిపోతుంది. అయిపోయింది పాఠం. ఏ భాషలోనైనా రాసుకోవచ్చు, సీలో రాసినవాళ్లూ ఉన్నారు, షెల్ స్క్రిప్టులో రాసిన మొండివాళ్లూ ఉన్నారు. కానీ పెళ్లికొడుకు మాత్రం పెర్ల్.

చిత్రమేమిటంటే లారీ వాల్ 1987లో పెర్ల్‌ని విడుదల చేసినప్పుడు వెబ్ అనేదే లేదు. టెక్స్టు ఫైళ్లు చదివి, వాటిలోంచి కావలసింది ఏరి, రిపోర్టులు తీయడానికి పుట్టిన భాష అది. వెబ్ అంటే టెక్స్టే కదా, కాబట్టి అతుక్కుపోయింది. డాలరు గుర్తులు, ఎట్ గుర్తులు, శాతం గుర్తులు చూసి మా ఆఫీసులో కోబాల్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ‘ఇది ప్రోగ్రామా, టైపురైటరు మీద పిల్లి నడిచిందా’ అనేవాడు. బ్రౌజరు పంపే సరుకులో స్పేసు బదులు ప్లస్ గుర్తు, మిగతా వాటికి శాతం గుర్తు పక్కన రెండు హెక్స్ అంకెలు ఉండేవి. వాటిని మళ్లీ మామూలు అక్షరాలుగా మార్చే ఒక్క లైను పెర్ల్ ముక్క ఉండేది. సంధ్యావందనంలా అందరికీ కంఠతా, అర్థం సగం మందికి తెలియదు. తర్వాత లింకన్ స్టెయిన్ అనే జీవశాస్త్రవేత్త సీజీఐ డాట్ పీఎం అనే మాడ్యూలు రాసి ఆ బాధ తప్పించాడు. దాన్ని 2015లో పెర్ల్‌తో పాటు ఇవ్వడం మానేశారు. పైథాన్ వాళ్లు కూడా తమ సీజీఐ మాడ్యూలుని 2024లో తీసేశారు. మమ్మల్నేమీ అడగలేదు లెండి.

పైన ఖాళీ లైను అన్నాను చూశారూ, అది తేలిగ్గా తీసుకునే వస్తువు కాదు. హెడరు ఎక్కడ ముగిసింది, పేజీ ఎక్కడ మొదలైంది అని సర్వర్‌కి చెప్పేది ఆ ఖాళీయే. అది మర్చిపోతే తెర మీద ‘500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని పెద్దక్షరాల్లో పడేది. ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఎందుకు? చెప్పదు. సర్వర్ ఎక్కడో అమెరికాలో ఉండేది, ఎర్రర్ లాగ్ చూసే యోగం అద్దె హోస్టింగ్ వాళ్లకి ఉండేది కాదు. ఖాళీ లైను సరిగ్గానే పెట్టినా తప్పించుకోలేని ఇంకో గండం ఉండేది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైల్లో ప్రతి లైను చివరా రెండు కనబడని అక్షరాలుంటాయి, యూనిక్స్‌లో ఒకటే ఉంటుంది. ఎఫ్‌టీపీలో ఆస్కీ మోడ్ పెట్టి పంపితే అది సరిచేసి పెడుతుంది. బైనరీ మోడ్‌లో పంపితే ఆ అదనపు అక్షరం అలాగే వెళ్లిపోతుంది. అప్పుడు స్క్రిప్టు మొదటి లైన్లో పెర్ల్ ఎక్కడుందో రాసిన దారికి తోకలా ఆ కనబడని అక్షరం అంటుకుంటుంది. సర్వర్ ఆ తోకతో ఉన్న పెర్ల్ కోసం వెతికి, అలాంటి ఫైలే లేదంటుంది. ఫైలు కళ్లెదురుగా ఉంటుంది, మిషను లేదంటుంది! ఆపైన 755 పర్మిషన్ పెట్టడం మరిస్తే మళ్లీ అదే 500. ఈ మూడింటిలో ఏది తప్పో వాసనతో పసిగట్టేవాళ్లకి మా రోజుల్లో గౌరవం ఉండేది. అలాంటివాళ్లకి టీ బిల్లు వేరేవాళ్లు కట్టేవాళ్లు.

బైట్ల మీద అంత పిసినారితనం ఎందుకని అడుగుతాడు మా అక్క కొడుకు. ఎందుకంటే బైటుకి డబ్బు కట్టేవాళ్లం నాయనా. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మన దేశంలో మామూలు జనానికి ఇంటర్‌నెట్ ఇచ్చింది. మోడెం కీచుమంటూ కలిసేది, ఫోను బిల్లు వేరు, నెట్ గంటలు వేరు. నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చున్నవాడికి పేజీ తొందరగా రాకపోతే తిట్టుకునేది సర్వర్‌ని కాదు, మనల్ని. అందుకని పేజీకి ఒక బొమ్మ పెట్టాలన్నా పదిసార్లు ఆలోచించేవాళ్లం. టేబుల్ లోపల టేబుల్ పెట్టామే అనుకోండి, అది వేరే పాపం.

ఫలితాల రోజు గురించి చెప్పాలి. సీజీఐలో ఉన్న అసలు జబ్బు అక్కడే బయటపడేది. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త ప్రాసెస్ పుట్టాలి, పెర్ల్ లేవాలి, స్క్రిప్టుని మొదటినుంచీ చదువుకోవాలి, డేటాబేస్‌కి కనెక్షను తీసుకోవాలి, ఒక పేజీ ప్రింట్ చేసి చావాలి. ఒక్కోదానికి కొన్ని మెగాబైట్లు. ర్యామ్ 128 మెగాబైట్లు ఉంటే అదే గొప్ప. మామూలు రోజుల్లో నడిచిపోయేది. ఫలితాలు విడుదలైన మరుక్షణం రాష్ట్రంలో ఉన్న ప్రతి నెట్ సెంటర్లోంచీ తండ్రులు, మేనమామలు, పక్కింటివాళ్లు ఒకేసారి అడిగేవాళ్లు. సర్వర్ డిస్కు గరగరలాడటం తప్ప ఇంకేం చేయలేకపోయేది. జబ్బుకి మందులు వచ్చాయి. ప్రాసెస్‌ని చంపకుండా ఉంచుకునే ఫాస్ట్‌సీజీఐ వచ్చింది, అపాచీ వెబ్ సర్వర్ కడుపులోనే పెర్ల్‌ని కూర్చోబెట్టే మాడ్‌పెర్ల్ 1996లో వచ్చింది.

కానీ ఫలితాలకి వీటన్నిటికన్నా నాటు మందు ఒకటుంది, నాకిప్పటికీ అదే ఇష్టం. ఫలితం అనేది మారేది కాదు కదా? మరి అడిగినప్పుడల్లా తయారు చేయడం దేనికి? ముందురోజు రాత్రి డేటా మా చేతికి రాగానే ఒక పెర్ల్ స్క్రిప్టుని వదిలేవాళ్లం. అది ఒక్కో హాల్ టికెట్‌కి ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు రాసుకుంటూ పోయేది. అన్నీ ఒకే ఫోల్డర్లో పెడితే మళ్లీ చిక్కే. అప్పటి లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఫోల్డర్లో పేర్లని వరసగా మొదటినుంచీ వెతికేది, లక్షల ఫైళ్లుంటే వెతకడానికే నీరసపడేది. అందుకని నంబరులో మొదటి అంకెల్ని బట్టి ఫోల్డర్లు, వాటిలో మళ్లీ ఫోల్డర్లు. తెల్లారేసరికి అన్నీ సిద్ధం. ఫలితాలు విడుదలయ్యాక సర్వర్‌కి పనేముంది? ఫైలు తీసి ఇవ్వడమే, పుట్టినప్పుడు నేర్చుకున్న పని. దీన్నే ఇవాళ స్టాటిక్ సైట్ జనరేషన్ అని పేరుపెట్టి, స్లైడ్లు వేసి చెబుతున్నారు. మూవబుల్ టైప్ అనే సాఫ్ట్‌వేర్ 2001లోనే రాతల కోసం ఇదే పని చేసింది, అదీ పెర్ల్‌లో.

ఇక పీహెచ్‌పీ. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ తన రెజ్యూమేని ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోవడానికి 1994లో సీలో రాసుకున్న చిన్న సీజీఐ ప్రోగ్రాములు అవి. 1995 జూన్‌లో అందరికీ ఇచ్చేశాడు. ఇజ్రాయెల్ కుర్రాళ్లు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మాన్స్ కలిసి దాన్ని తిరగరాస్తే 1998లో పీహెచ్‌పీ 3 వచ్చింది, అప్పుడు దాని దశ తిరిగింది. పెర్ల్‌లో ప్రోగ్రాము లోపల పేజీ ఉండేది. పీహెచ్‌పీలో పేజీ లోపల ప్రోగ్రాము. డిజైనర్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్ తీసుకుని, మార్కులు రావాల్సిన చోట రెండు గుర్తుల మధ్య ఒక ముక్క రాసి, ఫైలు పేరు చివర మార్చి, సర్వర్ మీద పెడితే నడిచేది. బిల్డ్ అనే మాటే లేదు. ఖాళీ లైను బెడద కూడా లేదు, అదే వేసుకునేది. తప్పు చేస్తే ఏ లైన్లోనో చెప్పేది. 500 తిని తిని బతికినవాళ్లకి లైను నంబరు అంటే ఏమిటో మీకు చెప్పినా అర్థం కాదు.

అదే కాలంలో అటువైపు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఎస్‌పీ, ఇటువైపు సన్ వాళ్ల జేఎస్‌పీ. అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కనపడేది కాదు, ఈ మూడక్షరాల బోర్డులే. జిరాక్స్ నోట్సు స్పైరల్ బైండింగ్ వాసన ఇంకా ముక్కులో ఉంది. జావాకి జనం విరగబడేవాళ్లు, ఏఎస్‌పీకి పర్వాలేదు, పీహెచ్‌పీకి మాత్రం వెనక గదిలో నలుగురు. ‘దానికి ఉద్యోగాలు లేవు సార్’ అనేవాళ్లు కౌన్సిలర్లు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, దాని వెనకున్న మీడియావికీ పీహెచ్‌పీయే. ఫేస్‌బుక్ 2004లో మొదలైంది, పీహెచ్‌పీలోనే. వెనక గదిలో నలుగురూ ఏమయ్యారో మీరే ఊహించుకోండి.

పీహెచ్‌పీలో పాపాలు లేవని నేననను. అడ్రసులో ప్రశ్నార్థకం పక్కన ఏ పేరు రాస్తే ఆ పేరుతో ప్రోగ్రాములో వేరియబుల్ తయారైపోయేది. అంటే అడ్రసు చివర ‘అడ్మిన్ ఈక్వల్ టు ఒకటి’ అని రాస్తే, జాగ్రత్తగా రాయని సైటులో వాడు అడ్మినే. 2002లో దాన్ని డిఫాల్టుగా ఆపేశారు, 2012లో పూర్తిగా పీకేశారు. పేరు రాయమన్న పెట్టెలో ఒక సింగిల్ కోట్ కొట్టి, ఆ వెనక ఎస్‌క్యూఎల్ ముక్క రాసి డేటాబేస్ మొత్తం ఊడ్చుకుపోయిన సందర్భాలు లోకమంతా ఉన్నాయి. దానికి మందని మ్యాజిక్ కోట్స్ అని ఒకటి పెట్టారు. అది ప్రతి కోట్ ముందూ ఒక అడ్డగీత తగిలించేది, డిసౌజా గారు తన పేరు సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకో గీత పెరిగేది. ఎవరో టైపు చేసింది యథాతథంగా తెర మీద పెట్టకూడదు, శుద్ధి చేసి పెట్టాలి. పీహెచ్‌పీలో ఆ పని మనమే గుర్తుంచుకుని ప్రతిచోటా చేయాలి. ఇప్పటివాళ్లు పేజీలు తయారుచేయడానికి వాడే రియాక్ట్ ఆ పని తనంతట తానే చేస్తుంది. ఇందులో ఇప్పటివాళ్లది పైచేయి, కాదని అబద్ధమాడను.

తెలుగు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. కానీ మన కంప్యూటర్లలోకి రావడానికి విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. అంతదాకా ఎవరి ఫాంటు వాళ్లది. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు ముక్కల బొమ్మలు వేసి ఉండేవి. ఫాంటు దించుకోకపోతే తలకట్లు, కొమ్ములు పోయి తెర మీద ఏదో తిట్టులా కనపడేది. ఒక పేపరు వార్తని ఇంకో పేపరు ఫాంటులో చదవలేం, ఏ వార్తనీ వెతకలేం. యూనికోడ్ వచ్చింది, కష్టాలు తీరాయనుకున్నాం. అప్పుడు తగిలింది స్వీడన్.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పుట్టింది స్వీడన్‌లో. అందుకని మనం ఏమీ చెప్పకపోతే అది లాటిన్-1 అక్షరాలు, స్వీడిష్ అకారాది క్రమం అనుకునేది. మనవాళ్లు ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏమీ చెప్పేవాళ్లు కాదు. ఫారంలో ‘వేంకటేశ్వర్లు’ అని కొట్టి సేవ్ నొక్కితే వరసగా ప్రశ్నార్థకాలు తిరిగొచ్చేవి. పేజీలో యూటీఎఫ్-8 అని చెప్పాలి, డేటాబేస్‌లో చెప్పాలి, టేబుల్‌కి చెప్పాలి, పేజీకీ డేటాబేస్‌కీ మధ్య కనెక్షన్‌కి కూడా చెప్పాలి. నాలుగింటిలో ఒక్కటి తప్పినా వేంకటేశ్వర్లు ప్రశ్నార్థకమే. ఆ స్వీడిష్ అలవాటు 2018లో మైఎస్‌క్యూఎల్ 8 వచ్చేదాకా డిఫాల్టుగా ఉంది. ప్రపంచంలో స్వీడిష్ వాళ్లకన్నా తెలుగువాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా ఇరవై ఏళ్లకి పైగా వాళ్ల అకారాదే మన నెత్తిన.

ఇంకా ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి మూడేసి బైట్లు. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌కి ఆరు, డిస్కు మీద 18 బైట్లు. పీహెచ్‌పీలో పొడవు కొలిచే మామూలు ఫంక్షను బైట్లే లెక్కపెడుతుంది. వార్తలో మొదటి వంద ‘అక్షరాలు’ చూపించి ‘ఇంకా చదవండి’ అని పెడదామని కత్తిరిస్తే అది బైట్లు కత్తిరించి, చివరి అక్షరాన్ని మధ్యకి కోసి, అక్కడ నల్ల డైమండులో ప్రశ్నార్థకం పెట్టేది. సరే, బైట్లు కాకుండా అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్లు వచ్చాయి. వాటితో ‘ముఖ్యమంత్రి’ని తొమ్మిది దగ్గర కోయండి. ‘ముఖ్యమంత్’ వస్తుంది. పొల్లు దగ్గర తెగింది, రావొత్తు రాలిపోయింది, ముఖ్యమంత్రి పదవి పోయింది. సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా చూడాలన్న నియమం తెలుగుకి యూనికోడ్ ప్రమాణంలో చేరింది 2023లో, 15.1తో. ఇదంతా పాతకాలపు గొడవ అనుకోకండి. మీ ఫోన్లో నోటిఫికేషన్ల తెలుగు చూడండి, చివర పొల్లుతో తెగిన మాటలు ఇవాళ కూడా కనిపిస్తాయి. భాష మారింది, ఫ్రేమ్‌వర్కు మారింది, కోసేవాళ్లు మారలేదు.

ఇప్పుడు మా అక్క కొడుకు విషయానికొస్తాను. గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం. పోయిన పండక్కి వచ్చినప్పుడు మహా ఉత్సాహంగా ఉన్నాడు.

‘మామయ్యా, మేం కొత్త ఆర్కిటెక్చర్‌కి మారుతున్నాం. పేజీని సర్వర్లోనే తయారుచేసి పంపిస్తాం. యూజర్‌కి వెంటనే కనపడుతుంది, గూగుల్‌కి కూడా తేలిగ్గా దొరుకుతుంది.’

‘మరి ఇన్నాళ్లూ ఎక్కడ తయారుచేశార్రా?’

‘బ్రౌజర్లో.’

‘ఎందుకని?’

‘ఎందుకనంటే... అందరూ అలాగే చేస్తున్నారు కదా మామయ్యా.’

తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. వాళ్ల పాత సైటు తెరిచి వ్యూ సోర్స్ నొక్కించాను. మా రోజుల్లో అది నొక్కితే పేజీ మొత్తం కనపడేది, ఎదుటివాడి పేజీ చూసే మేం పని నేర్చుకున్నాం. ఇక్కడ ఏముంది? రూట్ అనే పేరుతో ఒక ఖాళీ డివ్. లోపల ఒక్క అక్షరం లేదు. కింద జావాస్క్రిప్టు ఫైళ్లకి దారి, జావాస్క్రిప్టు ఆన్ చేసుకోకపోతే ఈ యాప్ నడవదని ఒక హెచ్చరిక. వార్తలు చదివే పేజీకి ఇంత తతంగం! ఇడ్లీ తిందామని హోటల్‌కి వెళితే నానబోసిన పప్పు, గ్రైండరు, ఇడ్లీపాత్ర, గ్యాస్ బండ తెచ్చి టేబుల్ మీద పెట్టి, ‘కానివ్వండి, వేడివేడిగా మీరే వేసుకోండి’ అన్నట్టుంది. గచ్చిబౌలిలో లక్ష రూపాయల ఫోనున్నవాడికి తేడా తెలియదు. మా ఊళ్లో పాత ఫోను పట్టుకుని, డాబా ఎక్కితే గానీ సిగ్నలు రాని మనిషికి తెలుస్తుంది. పేజీ తయారు చేసే భారం కంపెనీ సర్వర్ నుంచి ఆ పేదవాడి బ్యాటరీ మీదికి మారింది, పైగా దీన్ని ముందడుగు అన్నారు.

రియాక్ట్‌ని 2013లో బయటికి వదిలింది ఫేస్‌బుక్ వాళ్లు. ప్రోగ్రాము మధ్యలో హెచ్‌టీఎంఎల్ లాంటిది రాసే దాని పద్ధతి చూసి పిల్లలు మురిసిపోతారు. అది ఎక్స్‌హెచ్‌పీ అని ఫేస్‌బుక్ వాళ్లే 2010లో ఇచ్చిన పీహెచ్‌పీ పొడిగింపులోంచి వచ్చిన ఆలోచన. సర్వర్ మీద జావాస్క్రిప్టు నడపడం 2009లో నోడ్‌తో మొదలైందనుకుంటారు. నెట్‌స్కేప్ వాళ్లు లైవ్‌వైర్ పేరుతో 90ల నడుమే చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. 2023 అక్టోబరులో, రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ వాళ్ల సభలో తెర మీద ఒక కోడ్ ముక్క చూపించారు. బటన్ తయారు చేసే చోటే, దాని లోపలే, డేటాబేస్‌లోకి రాసే ఎస్‌క్యూఎల్ క్వెరీ ఉంది. ప్రపంచంలో ఉన్న పీహెచ్‌పీ ముసలాళ్లందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. నిజానికి అందులో పాత రోజుల ప్రమాదం లేదు, క్వెరీలోకి వెళ్లే విలువలని లోపల విడిగానే పంపుతుంది. అయినా, పేజీ మధ్యలో క్వెరీ రాయడం మహాపాపమని పదిహేనేళ్లు మమ్మల్ని తిట్టినవాళ్ల నోట అదే గొప్పన్న మాట వినాల్సిందే.

ఇంకో కొత్త వింత ఉంది. అడిగినప్పుడు మాత్రమే ఒక చిన్న ఫంక్షను లేస్తుంది, పని చేస్తుంది, పోతుంది. అమెజాన్ వాళ్లు 2014లో లాంబ్డా అని మొదలుపెట్టారు. లేవడానికి పట్టే ఆలస్యానికి కోల్డ్ స్టార్ట్ అని పేరు, దాని మీద పెద్ద పెద్ద ఉపన్యాసాలు. పెర్ల్ లేవడానికి పట్టే ఆ కాస్త ఆలస్యానికే కదా మమ్మల్ని సీజీఐ మాన్పించారు? తేడా ఏమిటంటే అప్పుడు నెల అద్దె ఒకటే కట్టేవాళ్లం, ఇప్పుడు లేచిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది.

జావాస్క్రిప్టు వాళ్లు ఒకరి కోడ్ ఒకరు దించుకునే కొట్టు ఎన్‌పీఎం గురించి ఎక్కువ చెప్పను, బీపీ పెరుగుతుంది. అక్షరాల ముందు ఖాళీలు పెట్టే 11 లైన్ల ముక్క ఒకటి, లెఫ్ట్-ప్యాడ్ అని, 2016 మార్చిలో దాని రచయిత వెనక్కి తీసుకుంటే ప్రపంచవ్యాప్తంగా పెద్ద పెద్ద ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. 11 లైన్లు రాసుకోలేకపోయారా? మేం వేరేవాళ్ల కోడ్ వాడలేదని కాదు, పెర్ల్ మాడ్యూళ్ల కొట్టు సీపాన్ మాకూ ఉంది. కానీ ఖాళీలు పెట్టడానికి ఎవరినీ అడగలేదు. అమీర్‌పేట వాళ్లు కోర్సులు అమ్మిన క్రియేట్-రియాక్ట్-యాప్ 2016లో పుట్టి 2025 ఫిబ్రవరిలో ఇక వాడొద్దనిపించుకుంది. ఆంగ్యులర్ మొదటి రూపం 2010లో వచ్చి 2021 చివరికి వెళ్లిపోయింది. ఈలోగా నేను పీహెచ్‌పీ 5లో రాసిన పేజీలని పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు మార్చి పీహెచ్‌పీ 8 మీద పెడితే నడుస్తున్నాయి.

బ్రౌజర్లో జావాస్క్రిప్టు అక్కర్లేదనేంత మూర్ఖుణ్ణి కాను. మ్యాపు జరపడానికి కావాలి. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు పడుతుందే, ప్రతి అక్షరానికీ సర్వర్ దగ్గరకి వెళ్లి రావడం కుదురుతుందా? ఆ పని జరగాల్సింది మన కంప్యూటర్లోనే. అలాంటి పనికి ఎంత సరుకు దించినా నేను నోరెత్తను. నా తగాదా చదువుకునే పేజీలతో. కరెంటు బిల్లు, బస్సు టైములు, మార్కులు, వార్తలు, పెళ్లి శుభలేఖ. వీటిలో కదిలేది ఏముంది? తెలుగు వికీపీడియా తెరిచి, జావాస్క్రిప్టు ఆపేసి చూడండి. వ్యాసం మొత్తం చక్కగా చదువుకోవచ్చు. పేజీ సర్వర్లోనే తయారై, నిండుగా వస్తుంది. పీహెచ్‌పీయే పంపుతోంది, ఇప్పటికీ.

కోచింగ్ సెంటర్ల వాళ్లకి ఒక్క విన్నపం. ఫుల్ స్టాక్ కోర్సు మొదటి వారంలో ఏ ఫ్రేమ్‌వర్కు పేరూ ఎత్తకండి. అపాచీలో సీజీఐ ఇవాళ కూడా ఉంది, రెండు లైన్లు మారిస్తే నడుస్తుంది. పిల్లలచేత ఒక స్క్రిప్టు రాయించండి. హెడరు వాళ్లే ప్రింట్ చేయాలి, క్వెరీ స్ట్రింగ్ వాళ్లే విడదీయాలి, అందులో వచ్చిన పేరుని శుద్ధి చేసి తెర మీద పెట్టాలి. పేరు తెలుగులో ఉండాలి, పొల్లు దగ్గర తెగకూడదు. ఆ తర్వాత బ్రౌజర్లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిపించి ఎన్ని బైట్లు వచ్చాయో కాగితం మీద రాయించండి. రెండో వారం నుంచి రియాక్టో ఇంకోటో మీ ఇష్టం, చెప్పుకోండి. ఫీజు మాత్రం తగ్గించనక్కర్లేదు.